తాడు బరువు

ఆ వేసవిలో ముందు దీపం దించి చూడకుండా నాన్న ఒక్కసారి కూడా బావిలోకి దిగలేదు.

దీపమంటే పాత లాంతరు. దాన్ని సన్నతాడుకి కట్టి మెల్లగా లోపలికి వదిలేవాడు. గట్టు మీద బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి, కన్నార్పకుండా చూసేవాడు. మంట నిటారుగా ఉంటే అడుగున గాలి మంచిదే. వాలిపోయి, చిన్నదై, నీలంగా మారితే చెడ్డగాలి పేరుకుందన్నమాట. “దీపం నిలబడని చోట మనిషి నిలబడడు” అనేవాడు. మిగతా బావులకి ఎప్పుడో ఒకసారి చూసి ఊరుకునే మనిషి, ఈ బావికి మాత్రం పూటపూటా చూడసాగాడు. ఎందుకని మేమెవరం అడగలేదు.

బావి ప్రార్థన మందిరం వెనకాల ఖాళీ స్థలంలో ఉంది. ఎవరో తవ్వడం మొదలుపెట్టి సగంలో వదిలేసి పోయారు. ఎందుకు వదిలేశారంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. రాయి తగిలిందని ఒకరు, పనివాళ్ళు తగాదా పడ్డారని మరొకరు. సూటిగా చెప్పినవాళ్ళు లేరు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వీధి చివర కుళాయి నీళ్ళకు బదులు గాలి ఊదడం మొదలుపెట్టింది. గుంటల్లో నీళ్ళు తాగి పిల్లలు వాంతులతో మంచం పట్టారు. అప్పుడు పాస్టరుగారు మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, “మేస్త్రీ, ఆ బావి మాటెత్తితే నువ్వు తప్ప ఎవరూ మాట్లాడేట్టు లేరు” అన్నారు. నాన్న కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. “దిగుతాం లెండి” అన్నాడు. వంటింట్లో అమ్మ గిన్నె కాస్త గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

మా ఇంటిల్లిపాదికీ బావుల పనే. నాన్న తవ్వుతాడు. అమ్మా నేనూ పైన ఇరుసు తిప్పుతాం. రెండు గుంజల మీద అడ్డంగా పెట్టిన లావుపాటి దుంగ, దానికి చుట్టిన మోకు, అటొక పిడి, ఇటొక పిడి. మట్టి బకెట్టయినా మనిషయినా ఆ మోకు మీదే పైకి రావాలి. పెళ్ళయిన నాటి నుంచి అమ్మ చేతిలో ఆ పిడి ఉంది. బకెట్టు నేల వదిలీ వదలగానే అందులో మట్టి ఉందో రాయి ఉందో, నిండా ఉందో సగమే ఉందో చెప్పేది. సాయంత్రం నాన్న పైకి వస్తుంటే, “రోజురోజుకీ బరువెక్కుతున్నారండీ” అని లోపలికి కేకేసేది. “నీ చేతి వంట” అని కింద నుంచి జవాబొచ్చేది. వాళ్ళిద్దరి మధ్యా నేను చూసిన సరసం అంతే.

ఆ వేసవే ఒకతను నాన్న దగ్గర పనికి కుదిరాడు. పాత పనివాళ్ళు ఈ బావి పేరు వినగానే తలనొప్పులూ నడుంనొప్పులూ చెప్పి జారుకున్నారు. ఇతను ఊరికి కొత్త. పొడుగు, సన్నం. మా నాన్నమ్మ చూసిన రోజే “కొంగ” అని పేరు పెట్టేసింది. “వీణ్ణి బావిలోకి దించడమెందుకురా, నిలబెడితే తల బయటే ఉంటుంది” అంది. అతను నవ్వాడు. ఆ పేరు అతనికి అతుక్కుపోయింది.

పొద్దున నాన్న, మధ్యాహ్నం అతను. వంతులవారీగా దిగేవారు. అతను లోపల ఉన్నప్పుడు కింద నుంచి వచ్చే గొంతు బావి గోడలకి తగిలి పెద్దదై, నా కాళ్ళ కింద నేలలోంచి వస్తున్నట్టుండేది. “పైన ఎండెలా ఉంది?” అని అడిగేవాడు. “మాడిపోతోంది” అనేదాన్ని. “ఇక్కడ చల్లగా ఉంది, రండి” అనేవాడు. అమ్మ విననట్టు అటు చూసేది.

ఒకరోజు మట్టి బకెట్టు పైన ఒక గులకరాయి వచ్చింది. నున్నగా, చారలతో. మర్నాడు ఇంకోటి. ఆ తర్వాత తెల్లటిది, గుడ్డులా. నేను వాటిని కిటికీలో వరసగా పెట్టుకున్నాను. నాన్నమ్మ ఒకదాన్ని తీసి, వెలుతురుకి తిప్పి చూసింది.

“మట్టిలో రాళ్ళు రావడం చూశాను గానీ, కడిగి తుడిచిన రాళ్ళు రావడం ఈ బావిలోనే చూస్తున్నా. ఏమే కోడలా, నీ కూతురికి బావిలోంచి సంబంధం వస్తోంది, చూసుకో.”

అమ్మ నవ్వలేదు. ఆ వారమే అతను నాన్నని కలవడానికి ఇంటికి వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, గడప బయటే నిలబడ్డాడు. నాన్న పార అంచు నూరుకుంటున్నాడు.

“మేస్త్రీగారూ, మీ అమ్మాయిని చేసుకుంటానండి. తనకీ ఇష్టమే.”

“తెలుసు. రాళ్ళు చూశాను.”

“తనంటే నాకు ప్రాణం అండి. తన కోసం ప్రాణమైనా ఇస్తాను.”

“ప్రాణం ఎవరడిగారు? రేపు పొద్దున టైముకి రా. నిన్న ఆలస్యంగా వచ్చావు.”

తలుపు చాటున నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ నాన్న నవ్వడం లేదు. పార పక్కన పెట్టి అతనికేసి చూశాడు.

“చూడబ్బాయ్. నీ మీద నాకు కోపమేం లేదు. బావులవాడికి మాత్రం పిల్లనివ్వను. మా ఆవిడ ఇన్నేళ్ళుగా గట్టున నిలబడి తాడు పట్టుకుని లోపలికి చూస్తూనే ఉంది. మా ఇంట్లో ఒక ఆడదానికి ఆ చూపు చాలు. ఈ పని మానేసి ఇంకేదైనా చూసుకో, అప్పుడు రా.”

“మానేస్తే మీకు తోడెవరుంటారండీ?”

నాన్న పార మళ్ళీ తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు నాన్న మీద కోపం. ఇంట్లో ముభావంగా తిరిగేదాన్ని. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న ఎప్పటిలాగే చివర్లో “తాడును కాపాడు ప్రభువా, పట్టుకున్న చేతుల్ని కాపాడు” అంటే, ఆమెన్ అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. అమ్మ గమనించింది. గట్టు దగ్గర మోకు ఆరబెడుతూ అడిగింది.

“ప్రేమంటే ఏమనుకుంటున్నావే?”

“నీకు తెలియదులే అమ్మా. నాన్న నీతో ఎప్పుడైనా ఒక్క మంచిమాట చెప్పాడా?”

“లేదు. దిగేముందు ఒకసారి నా చేతుల వైపు చూస్తారు. ముఖం వైపు కాదు, చేతుల వైపు. ఆ తర్వాత కాళ్ళు లోపలికి పెట్టేస్తారు.” అమ్మ మోకు చిక్కు విప్పింది. “నన్ను నమ్మినట్టు దేవుణ్ణి కూడా నమ్మారో లేదో.”

బావి లోతు పెరుగుతున్నకొద్దీ దీపం వంగడం మొదలైంది. ఆరిపోయేది కాదు, వంగేది. నాన్న దాన్ని పైకి లాగి, కాసేపాగి మళ్ళీ దించేవాడు. బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, తాడుకి దుప్పటి కట్టి పైకీ కిందకీ ఆడించి గాలిని కదిపేవాడు. అప్పుడు మంట లేచేది. పనిలో ఎప్పుడూ కూనిరాగం తీసే మనిషి, ఆ బావిలో నోరు తెరవలేదు. అడుగున రాయి తగిలింది. దానికింద చెమ్మ ఉందని, నీళ్ళు దగ్గర్లోనే ఉన్నాయని చెప్పాడు. చెబుతున్నప్పుడు సంతోషం లేదు. మందిరం చుట్టూ తిరిగే వీధికుక్కలు అంత ఎండలోనూ బావి పక్క నీడలో పడుకునేవి కావు.

“ఈ బావి మనకొద్దండీ” అంది అమ్మ ఒక మధ్యాహ్నం, అందరి ముందే.

“వదిలేస్తే ఇంకొకడు దిగుతాడు. వాడు దీపం దించుతాడో లేదో.”

“దిగితే దిగనివ్వండి. లోకమంతా మీ నెత్తిమీదే ఉందా?”

“పిల్లలు నీళ్ళు లేక చస్తున్నారే.”

“నాకూ ఒక పిల్ల ఉంది” అంది అమ్మ. నాన్న నీడలోకి వెళ్ళి పడుకున్నాడు. ఆ పూట కొంగ వంతు. అతను దీపం చూసుకుని, నాకేసి చిన్నగా తలూపి దిగాడు.

ఆ మధ్యాహ్నం గాలి అసలు కదల్లేదు. గునపం రాతి మీద పడుతున్న చప్పుడు ఖంగు ఖంగుమని పైకి వస్తోంది. నేనూ అమ్మా పిడుల దగ్గర కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆ చప్పుడు మారింది. ఖాళీ కుండ మీద కొట్టినట్టు బోలుగా వచ్చింది. నీడలో కళ్ళు మూసుకున్న నాన్న లేచి కూర్చున్నాడు.

“ఏంటా చప్పుడు?”

కింద నుంచి అతని గొంతు వచ్చింది. “మేస్త్రీగారూ, రాయి కింద డొల్లగా ఉందండీ, ఏదో…”

మాట అక్కడే తెగింది. అడుగున గోడకి తగిలించిన దీపం వెలుగు పోయింది. నేను పిలిచాను. నా గొంతే తిరిగి వచ్చింది. ఇంకోసారి పిలిచాను.

జనం పోగయ్యారు. పాస్టరుగారు వచ్చారు. ఒకరు అగ్నిమాపకం వాళ్ళకోసం పరుగెత్తారు. నాన్న నీళ్ళు కుమ్మరించమన్నాడు, దుప్పటి ఆడించమన్నాడు. ఇంకో లాంతరు తెప్పించి దించాడు. సగం దూరం వెళ్ళి ఆరిపోయింది. దాన్ని పైకి లాగి పక్కన పెట్టి, చొక్కా విప్పి, తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకున్నాడు.

“మేస్త్రీ, ఆగు, వాళ్ళు వచ్చేస్తారు” అన్నారు పాస్టరుగారు.

“వచ్చేసరికి వాడుండడండీ.”

నాన్నమ్మ ఎప్పుడొచ్చిందో, నాన్న చెయ్యి పట్టుకుంది. “నాయనా, వాడు మనకేమవుతాడురా? వాడెవడో మనమెవరమో.”

నాన్న ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. అమ్మ దగ్గరికి వచ్చి, “ఊపిరి బిగబట్టి దిగుతాను. రెండుసార్లు తాడు లాగుతాను. అప్పుడు తిప్పు. మధ్యలో ఆపకు” అన్నాడు.

“ఇద్దరూ రండి” అంది అమ్మ.

“చూద్దాం.”

ఒకసారి అమ్మ చేతుల వైపు చూసి, కాళ్ళు లోపలికి పెట్టాడు.

మేము వేగంగా వదిలాం. మోకు వదులైంది. అంటే అడుగుకి చేరాడు. ఎంతసేపో నాకు తెలియదు, ఊపిరి బిగబట్టుకున్నవాడికి మాత్రం చాలా ఎక్కువసేపే. తాడు ఒకసారి కదిలింది. మళ్ళీ కదిలింది.

“తిప్పు” అంది అమ్మ.

తిప్పాం. మోకు బిగిసి, బరువు నేల వదిలింది. అమ్మ చేతులు ఆగాయి. ఒక్క క్షణమే. నాకు అర్థం కాలేదు. ఆమె ముఖంలో రక్తం లేదు. బావి లోపలికి కాదు, పిడి మీద ఉన్న తన చేతులకేసి చూసుకుంటోంది.

“తిప్పవే” అంది. “ఆపకు. తిప్పు.”

ఇంతకు ముందు నేనెప్పుడూ చూడనంత బలంగా తిప్పింది. సాయానికి వచ్చిన మగవాళ్ళని మోచేత్తో నెట్టేసింది. మోకు కొసన తల వాల్చేసి, చంకల కింద తాడు ముడితో, అతను పైకి వచ్చాడు. అతనొక్కడే. పెదవులు నల్లబడ్డాయి. గట్టు మీద పడుకోబెట్టి గుండె నొక్కితే, చాలాసేపటికి దగ్గాడు. నాకు ఆ దగ్గు తప్ప లోకంలో ఇంకేమీ వినబడలేదు.

అమ్మ అతన్ని చూడలేదు. మోకు విప్పి మళ్ళీ కిందకి వదిలింది. అడుగుకి చేరేదాకా వదిలి, పిడి పట్టుకుని నిలబడింది. ఆ మోకు ఇద్దర్ని మోయగలదు. తనని కూడా కట్టుకునే ఊపిరి నాన్నకి మిగల్లేదు. అగ్నిమాపకం వాళ్ళు వచ్చి నాన్నని పైకి తీసేదాకా తాడు అలాగే తేలిగ్గా ఉంది.

నాన్న పోయాక మా ఇంట్లో ప్రార్థన ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, అలా ఆగింది. నాన్నమ్మ గోడకి చేరబడి కూర్చుని ఎవరొచ్చినా ఒకటే చెప్పేది. “దారిన పోయేవాడొచ్చి నా కొడుకుని మింగాడు.” కిటికీలో రాళ్ళని తనే తీసి ఎక్కడో పారేసింది. నేను అడ్డుపడలేదు. అతన్ని తలుచుకుంటే నాన్న గుర్తొచ్చేవాడు, నాన్నని తలుచుకుంటే అతను గుర్తొచ్చేవాడు. ఏ ఒక్కరి కోసమూ తనివితీరా ఏడవలేకపోయాను.

పాస్టరుగారు ఒకరోజు వచ్చి, అంతా దేవుని చిత్తం అన్నారు. అమ్మ నేల వైపు చూస్తూ వింది.

“చిత్తం ఎవరిదో నాకు తెలియదండీ. తాడు మాత్రం నేనే లాగాను. బరువు నేల వదలగానే తెలిసింది, వచ్చేది ఆయన కాదని.”

పాస్టరుగారు చేతిలో ఉన్న పుస్తకం మూసేశారు.

“చేతులు వదిలేద్దామనిపించింది. అబద్ధమెందుకు.”

“వదల్లేదు కదమ్మా.”

“వదిలితే ఆయన దిగింది దండగైపోదూ?”

నాన్నమ్మ ఆ మూల నుంచి తల తిప్పి అమ్మని చూసింది. ఆ మాట ఆమెకీ అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది.

ఈలోగా బావిలో నీళ్ళు ఊరడం మొదలైంది. గునపం దిగిన చీలికలోంచి రోజుకింత పైకి వచ్చి, చూస్తుండగానే నిలువెత్తు దాటింది. పరీక్ష చేసినవాళ్ళు మంచి నీళ్ళేనన్నారు. అయినా ఎవరూ ముట్టుకోలేదు. మనిషిని తీసుకున్న నీళ్ళు అనేవారు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆ బావి పక్కనుంచే, తల అటు తిప్పుకుని, దూరపు కుళాయికి వెళ్ళేవారు. పూడ్చేద్దామన్న మాట కూడా వచ్చింది. పిల్లలు ఇంకా పడకేస్తూనే ఉన్నారు.

అతను ఆసుపత్రి నుంచి వచ్చాడని తెలుసు. మా ఇంటి వైపు రాలేదు. సైకిల్ షాపు మీద గదిలో ఉంటున్నాడని, ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడని ఎవరో చెప్పారు. ఆ మాట వినగానే అమ్మ చెప్పులేసుకుంది. “నువ్వూ రా” అంది.

మేము వెళ్ళేసరికి అతను సంచీ సర్దుకుంటున్నాడు. అమ్మని చూసి గోడకి అంటుకుపోయాడు. ముఖం ఎముకలు తేలి, ఇంకా సన్నబడ్డాడు.

“ఎక్కడికి బాబూ?”

“ఎక్కడికైనా సరేనమ్మా. మీకు ముఖం చూపించలేను. మేస్త్రీగారికి బదులు నేను…” నాకేసి చూశాడు. “నన్ను చూసినప్పుడల్లా తనకి నాన్నే గుర్తొస్తారు.”

“గుర్తొస్తారు” అన్నాను నేను. అది అబద్ధం కాదు, దాచగలిగిందీ కాదు.

అమ్మ మంచం అంచున కూర్చుంది. తనలో తను మాట్లాడుకున్నట్టు అంది. “నీకు బదులు ఆయన పోయారు. నిజమే, కాదని ఎవరంటారు? దానికి నువ్వేం చేసీ తీర్చలేవు. తీర్చాలని చూడకు, పిచ్చెక్కుతుంది. ప్రతి ఆదివారం మందిరంలో మనం పాడేది ఇదే కదయ్యా. ఇంకొకరు కిందకి దిగితే పైకి వచ్చినవాళ్ళమని. ఇన్నేళ్ళూ నాకది పాట. ఇప్పుడు అది మా ఆయన.”

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“ఆయన నిన్ను పైకి పంపింది పారిపోవడానికి కాదు. లే. నాతో రా.”

ఆమె ముందు నడిచింది. వెనక మేమిద్దరం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా నడిచాం. మందిరం వెనక్కి తీసుకెళ్ళింది. కుళాయికి వెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూడసాగారు. ఇరుసు తీసేసి గిలక బిగించారు గానీ అంతవరకు దానికి ఎవరూ తాడు వెయ్యలేదు. అమ్మ గట్టు పక్కనే పడి ఉన్న మా మోకు గిలకకి వేసి, బకెట్టు దించి నీళ్ళు తోడింది. నీళ్ళు గట్టు మీద ఒలికాయి. దోసిలితో తాగింది. తర్వాత బకెట్టు అతని వైపు వంచింది.

“తాగు బాబూ.”

“నా వల్ల కాదమ్మా.”

“నాకూ కాలేదు. తాగు.”

అతను మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు. తాగుతూ ఏడ్చాడు. ఆ దోసిలిలో మిగిలిన నీళ్ళే నాకు పట్టాడు, ఇవ్వొచ్చో లేదో తెలియనట్టు. చల్లగా, కాస్త రాతి వాసనతో ఉన్నాయి. తాగాను. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. ఎవరి బిందె వాళ్ళ చంకలోనే ఉంది.

అప్పుడు జనాన్ని పక్కకి తోసుకుంటూ నాన్నమ్మ వచ్చింది. ఇల్లు వదిలి బయటికి రావడం ఆ రోజు తర్వాత అదే మొదలు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఖాళీ బిందె. బావిలోకి తొంగి చూసింది, చాలాసేపు. పెదవులు కదిలాయి గానీ ఏమందో వినబడలేదు. బిందె తెచ్చి అతని ముందు పెట్టింది.

“చూస్తూ కూర్చున్నావేం? నింపు. ముసలిదాన్ని, నేను మోయలేను.”

అతను తోడి నింపాడు. బిందె భుజానికెత్తుకున్నాడు. ఆమె కర్ర ఆనించుకుంటూ, అడుగడుక్కీ ఆగుతూ, ఇంటివైపు నడిచింది. అతను ఆమెని దాటకుండా వెనకే వెళ్ళాడు.